బావగారి మీద అవిశ్వాసం

"వెనక్కి తీసుకుంటావా, తీసుకోవా? అది చెప్పు ముందు," అన్నాడు పెద్దకొడుకు.

చిన్నకోడలు చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టలేదు. అలాగని తాగనూ లేదు.

అడుగుతున్నది ఇంటి పెద్దకొడుకే అయినా, గేటు బయట ఆగిన నల్లకార్లూ వాటి చుట్టూ నిలబడ్డ పోలీసులూ ఆయన ఈ దేశానికి ప్రధాని అన్న సంగతి గుర్తుచేస్తూనే ఉన్నారు. తెల్లవారగానే తల్లి ఇంటికి వచ్చి, భోజనాల బల్ల దగ్గర చిన్నప్పటి నుంచీ తాను కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. బల్లకి ఆ చివర తల్లి. ఈ పక్క తమ్ముడు, ఊళ్లో సగం మంది పళ్లు చూసే డాక్టరు. అతని పక్కన అతని భార్య. బావగారి ప్రభుత్వం మీద ఆమె పెట్టిన అవిశ్వాస తీర్మానానికే ఈ మధ్యాహ్నం సభలో ఓటింగు.

"నేను అడిగింది ఒక్కటే బావగారూ. లాంచీ ఎందుకు మునిగిందో విచారణ జరిపించమన్నాను."

"జరిపిస్తానన్నానుగా, ఓటింగు అయ్యాక."

"ముందే ప్రకటించండి. సభలో, అందరూ వింటుండగా. ఆ నిమిషమే నా తీర్మానం నేను వెనక్కి తీసుకుంటాను."

"మెడ మీద కత్తి పెట్టి అడిగితే ఇచ్చినట్టు ఉండదూ? రేపటి నుంచి ప్రతివాడూ ఓ కత్తి పట్టుకుని వస్తాడు."

"కత్తి లేకుండా మూడుసార్లు అడిగాను."

రొట్టెకి వెన్న రాస్తున్న డాక్టరు చెయ్యి ఆగిపోయింది.

మూడుసార్లు అడిగిన మాట నిజమే. దీవి నుంచి రేవుకి వచ్చే లాంచీ బోల్తా పడ్డ మర్నాడు ఒకసారి. శవాలన్నీ దొరికాక ఒకసారి. పార్టీ సమావేశంలో అందరి ముందూ లేచి నిలబడి ఒకసారి. ఆ దీవికి ఆమే ప్రతినిధి. రాజకీయాల్లోకి రాకముందు అక్కడి బళ్లో ఈత నేర్పేది. ఇప్పటికీ దీవిలో ఆమెని ఈత టీచరమ్మ అంటారు తప్ప ఇంకో పేరు పెట్టి పిలవరు. ఆ రోజు ఒడ్డుకి చేరిన పిల్లలంతా ఆమె దగ్గర ఈత నేర్చుకున్నవాళ్లే. చేరనివాళ్లలో ఆ పిల్లల అమ్మలూ నాన్నలూ ఉన్నారు.

మూడోసారి కూడా బావగారు "ఆ సంగతి ముగిసిపోయింది" అనేసరికి, ఆమె తన కాగితాలు సర్దుకుని అవతలి వరసల్లోకి వెళ్లి కూర్చుంది. ఆమె వెనకే ఇంకొందరు లేచారు.

"ఈ అమ్మాయి వెనక వెళ్లినవాళ్లు పోగా నీకు చాలినంతమంది ఉన్నార్రా?" అని అడిగింది తల్లి.

"ఉన్నారు. తేడా వస్తే గిస్తే సమానం అవుతుంది. సమానమైతే చాలు నాకు."

"సమానమైతే ఎలా చాలుతుంది అన్నయ్యా?" అన్నాడు డాక్టరు.

ప్రధాని తమ్ముడి వైపు ఓపిగ్గా చూశాడు. "సగానికి సగం పడితే అప్పుడు స్పీకరు ఓటేస్తాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే స్పీకర్ల ఆనవాయితీ. అంటే ఉన్న ప్రభుత్వం ఉంటుంది. వాళ్లు నన్ను దించాలంటే వాళ్ల వైపు ఒకటైనా ఎక్కువ ఉండాలి."

"ఆ ఒకటి ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. ఆ తేనెటీగలాయన్ని కలుపుకున్నా లేదు."

తేనెటీగలాయన ఏ పార్టీకీ చెందని సభ్యుడు. కొండ అవతల తేనె పెట్టెలు పెట్టుకుని బతుకుతాడు. ఎటు ఓటేస్తాడో చివరి నిమిషం దాకా తన తేనెటీగలకి కూడా చెప్పడని సభలో నవ్వుకుంటారు.

"ఇంకో మాట కూడా విను," అన్నాడు ప్రధాని మరదలి వైపు తిరిగి. "పొరపాటున నేను ఓడిపోయాననుకో, ఊరికే రాజీనామా ఇచ్చి ఇంకొకరికి దారి వదిలి పోను. దేశాధ్యక్షుడి దగ్గరికి వెళ్లి సభ రద్దు చేయమంటాను. నా మీద ఓటేసిన ప్రతివాడూ తన కుర్చీ మీద కూడా ఓటేసుకున్నట్టే. నీ వెనక వచ్చినవాళ్లకి ఆ ముక్క చెప్పావా?"

"మొదటి రోజే చెప్పాను. నా కుర్చీ కూడా పోతుందని చెప్పాకే వాళ్లు వచ్చారు."

ఆయన లేచాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు గానీ, అసలు ఏమీ తినలేదు.

"అమ్మా, నువ్వైనా చెప్పు."

"నాకు గ్యాలరీ పాసు కావాలి," అంది తల్లి.

"ఏంటీ?"

"మీ నాన్న ముప్పై ఏళ్లు ఆ సభలో కూర్చున్నాడు. ఒక్కనాడూ నన్ను రానివ్వలేదు. ఇవాళ వస్తాను. పాసు నువ్వు పంపుతావా, ఈ అమ్మాయిని అడగనా?"

ప్రధాని వెళ్లిపోయాడు. కార్లు ఒకదాని వెనక ఒకటి కదిలిన చప్పుడు లోపలికి వినబడింది. పాసు మాత్రం గంట తిరక్కుండా వచ్చింది.

*

భార్యని సభకి తీసుకెళుతూ డాక్టరే కారు నడిపాడు. సభ భవనం మలుపు దగ్గరికి వచ్చాక అడిగాడు.

"ఓడిపోతే అన్నయ్య ఏమైపోతాడో ఆలోచించావా?"

"ఆలోచించాను. లాయరు అవుతాడు. అంతకుముందు అదేగా."

"హాస్యం వద్దు."

"హాస్యం కాదండీ. ఆయనకి పోయేది ఉద్యోగం. దీవిలో పోయినవి ఉద్యోగాలు కావు."

అతను బండి పక్కకి ఆపాడు. స్టీరింగు మీద చేతులు తియ్యకుండానే అన్నాడు. "చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పింది అన్నయ్యే. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చునేది అన్నయ్యే. నువ్వు చేసేది తప్పని నేను అనలేను. నువ్వు గెలవాలని కోరుకోలేను కూడా. ఇంతకంటే నా దగ్గర ఏమీ లేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఇంత సూటిగా మాట్లాడింది తక్కువ.

"సరిపోతుంది," అంది తలుపు తీస్తూ. "నన్ను ఇక్కడ దాకా దింపారుగా."

*

సభ వరండాలో ఆమెకి మొదట ఎదురైన మనిషి గొడుగాయన.

వానాకాలమైనా ఎండాకాలమైనా ఆయన చేతిలో నల్లగొడుగు ఉంటుంది. అధికార పార్టీకి ఆయనే విప్. అంటే, పార్టీ సభ్యుల్ని వెతికి పట్టుకుని, బతిమాలి, బెదిరించి, ఓటు వేళకి సభలో కూర్చోబెట్టి, ఎటు ఓటెయ్యాలో చెప్పే మనిషి. ఈ వారమంతా ఆయన కంటి మీద కునుకు లేదు. ఆసుపత్రిలో ఉన్న సభ్యుణ్ణి మంచంతో సహా తెప్పించాడు. కూతురి పెళ్లి పనుల్లో ఉన్నవాణ్ణి పందిట్లోంచి లాక్కొచ్చాడు.

"టీచరమ్మా, నీకు ఒకటి తక్కువ," అన్నాడు జాలిగా.

"తెలుసండీ."

"తేనెటీగలాయన్ని కలిపే చెబుతున్నాను."

"అదీ తెలుసు."

"తెలిసి కూడా ఎందుకమ్మా ఇదంతా?"

"మీరు దీవికి వచ్చారుగా. ఎందుకో మీకు తెలియదా?"

గొడుగాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ప్రభుత్వం తరఫున దీవికి వెళ్లింది ఆయనొక్కడే. వెళ్లి నమస్కారం పెట్టి వచ్చేయాల్సినవాడు, గొడుగు ఎవరికో ఇచ్చి, రోజంతా అక్కడివాళ్లతో కలిసి శవాలు మోశాడు.

"నా పని నేను చెయ్యాలి కదమ్మా," అన్నాడు మెల్లగా. "నా వాళ్లంతా వచ్చారు. ఒక్కడు తగ్గలేదు."

*

గ్యాలరీ కిటకిటలాడుతోంది. వెనక గోడ దగ్గర డాక్టరు నిలబడ్డాడు. ఒక పక్కంతా దీవివాళ్లు. మొదటి వరసలో అత్తగారు, ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని మరీ కూర్చుంది.

చిన్నకోడలు ఎక్కువసేపు మాట్లాడలేదు.

"అధ్యక్షా, ఈత నేర్పేటప్పుడు పిల్లలకి మొదట చేతులు ఆడించడం నేర్పం. నీళ్ల మీద తేలడం నేర్పుతాం. భయపడకుండా పడుకుంటే నీరే మోస్తుందని చెబుతాం. నీటి మీద నమ్మకం కుదిరాకే మిగతాది. ఈ సభ కూడా ఒక ప్రభుత్వాన్ని అలా నమ్మకం మీదే మోస్తుంది. చట్టం రాసి కాదు, బలం చూసి కాదు. మాలో సగానికి పైగా మందికి మీ మీద ఆ నమ్మకం లేదంటే, మీరు ఆ కుర్చీలో ఒక్క పూట కూడా ఉండకూడదు. దీవికి పొద్దున రెండు లాంచీలు తిరిగేవి. ఒకటి ఎందుకు ఆపేశారని అడిగాను. జవాబు లేదు. మిగిలిన ఒక్కదాంట్లోనే అందరూ ఎక్కాల్సి వచ్చింది. అది ఎవరి నిర్ణయమని అడిగాను. జవాబు లేదు. జవాబు చెప్పని ప్రభుత్వం మీద నాకు నమ్మకం లేదు. అంతే నా తీర్మానం."

ఆమె కూర్చుంది. గ్యాలరీలో ఎవరో చప్పట్లు కొట్టబోతే పక్కవాళ్లు ఆపారు.

ప్రధాని లేచాడు. మాటల్లో ఆయన్ని మించినవాడు ఆ సభలో లేడు. మొదట తన మరదలిని మెచ్చుకున్నాడు. ఇంట్లో జరిగే వాదనల్లో తానెప్పుడూ నెగ్గలేదని చెప్పి రెండు వైపులా నవ్వించాడు. చేసిన పనులన్నీ చెప్పాడు. రోడ్లు, ఆసుపత్రులు, రేవు. బల్లల మీద చరుపులు మోగాయి. ఇక ముగించి కూర్చుంటే చాలు.

కూర్చోబోతూ, అవతలి వరసల్లోంచి ఎవరో "లాంచీ సంగతేంటి?" అని అరిస్తే, చిరాగ్గా తిరిగి అన్నాడు.

"అందులో జనం ఎక్కువయ్యారని ఎక్కినవాళ్లకి కనబడలేదా?"

సభ ఒక్కసారిగా చల్లబడింది.

అన్నాక ఆయనకి తెలిసింది. పైన గ్యాలరీలో దీవివాళ్లు ఒక్కరు కూడా అరవలేదు. అరిస్తేనే బాగుండేది. తల్లి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

చిన్నకోడలు తల దించుకుని కూర్చుంది. ఆమెకి కోపం కాదు వచ్చింది, సిగ్గు వేసింది. ఆయన తన ఇంటి మనిషి.

స్పీకరు గొంతు సవరించుకున్నాడు. "తీర్మానానికి అనుకూలమైనవారు 'అవును' అనండి."

"అవును."

"వ్యతిరేకమైనవారు 'కాదు' అనండి."

"కాదు."

రెండు కేకలూ ఒకటిలాగే ఉన్నాయి. ఏది పెద్దదో తేల్చలేక, స్పీకరు సభ్యుల్ని విడిపోయి లెక్కకి నిలబడమన్నాడు.

గంటలు మోగాయి. వరండాల్లో, క్యాంటీన్లో, పుస్తకాల గదిలో ఒకేసారి మోగాయి. ఎక్కడెక్కడి సభ్యులో పరుగెత్తుకొచ్చారు. గంటలు ఆగాక బంట్రోతులు బయటి తలుపులు మూసి గొళ్లాలు పెట్టారు. ఇక లోపలివాళ్లు బయటికి పోవడానికి లేదు, బయటివాళ్లు లోపలికి రావడానికి లేదు. లోపలి లెక్క గదుల్లోకి కుడి తలుపులోంచి వెళితే అవును. ఎడమ తలుపులోంచి వెళితే కాదు. మధ్యేమార్గం లేదు.

తేనెటీగలాయన తాపీగా లేచి, చొక్కా కిందికి లాక్కుని, కుడి తలుపు వైపు నడిచాడు.

ఎడమ తలుపు దగ్గర గొడుగాయన నిలబడి తన వాళ్లని ఒక్కొక్కరినే లోపలికి పంపాడు. మంచం మీది సభ్యుణ్ణి పంపాడు. పెళ్లి తండ్రిని పంపాడు. మంత్రుల్ని పంపాడు. చివరికి ప్రధాని కూడా గుమ్మం దాటాడు. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి.

గొడుగాయన మాత్రం అక్కడే ఉన్నాడు.

ఓట్లు లెక్కపెట్టే ఉద్యోగి ఆయన్ని చూసి, "అయ్యా, మీరొక్కరే మిగిలారు," అన్నాడు.

ఆయన గొడుగుని తన కుర్చీకి ఆనించాడు. ఖాళీ సభ మధ్యలోంచి, ఆ పొడవైన గచ్చు మీద, మెల్లగా కుడి తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు.

ఎడమ గుమ్మంలోంచి ప్రధాని వెనక్కి తిరిగి చూశాడు.

"దారి ఇటు," అన్నాడు.

"తెలుసండీ," అన్నాడు గొడుగాయన, నడక ఆపకుండానే.

లోపల కుడివైపు గదిలో ఉన్నవాళ్లు ఆయన్ని చూసి, దారి తప్పి వచ్చాడేమో అనుకుని పక్కకి జరిగారు. ఆయన వెళ్లి ఉద్యోగి ముందు నిలబడి తన స్థానం నంబరు చెప్పాడు. అప్పుడు గాని వాళ్లకి అర్థం కాలేదు. తేనెటీగలాయన పక్కవాడి భుజం పట్టుకున్నాడు. చిన్నకోడలు గోడకి ఆనుకుంది.

సభ మళ్లీ నిండాక స్పీకరు లేచాడు.

"అనుకూలం అరవై ఒకటి. వ్యతిరేకం యాభై తొమ్మిది. తీర్మానం నెగ్గింది."

ముందు గ్యాలరీలో ఒక ముసలామె ఏడ్చింది. ఆ తర్వాత దీవి మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు, కేకలు. టీచరమ్మా, టీచరమ్మా అని పిల్లల గొంతులు. బల్లలు పగిలిపోతాయేమో అన్నట్టు సభ్యులు చరుస్తున్నారు. స్పీకరు సుత్తి కొట్టీ కొట్టీ, ఇక లాభం లేదని కాసేపు ఊరుకున్నాడు.

చప్పుడు తగ్గాక తేనెటీగలాయన లేచాడు. అతను సభలో నోరు విప్పగా చూసినవాళ్లు తక్కువ.

"అధ్యక్షా, ప్రభుత్వం పడిపోయింది గాని సభ ఇంకా ఉంది కదా?"

"రద్దయ్యే దాకా ఉన్నట్టే."

"అయితే అది రద్దయ్యేలోపే ఒక పని చేసి పోదాం. లాంచీ ప్రమాదం మీద ఒక న్యాయమూర్తితో విచారణ జరిపించాలని సభ తీర్మానించాలి."

స్పీకరు అడిగాడు. "అవును" అని సభ మోగిపోయింది. "కాదనేవారు?" అని అడిగాడు. ఎవరూ అనలేదు.

ఆ 'అవును'లో ఎదురుగా మొదటి వరసలోంచి వచ్చిన ఒక గొంతు చిన్నకోడలు పోల్చుకుంది. పొద్దున భోజనాల బల్ల దగ్గర ఆమెతో వాదించిన గొంతే అది.

బయటికి వస్తూ ఆమె గొడుగాయన్ని పట్టుకుంది. "ఎందుకండీ?"

"మీ బావగారి ప్రసంగాలు నేనే రాస్తానమ్మా. ఇవాళ్టిదీ నేనే రాశాను," అన్నాడు ఆయన. "ఆ చివరి మాట నేను రాయలేదు."

*

మెట్ల మీదికి రాగానే దీవివాళ్లు ఆమెని నేల మీద నిలవనివ్వలేదు. ఎవరి భుజం ఎవరిదో తెలియకుండా ఆమెని ఎత్తుకున్నారు. రేవు దగ్గర వార్త తెలిసినట్టుంది, లాంచీలన్నీ కలిసి కూతలు పెట్టాయి. వీధిలో బస్సులు ఆగిపోయాయి. దుకాణాల్లోంచి జనం బయటికి వచ్చారు. ఆమె చెప్పులు ఎక్కడ పోయాయో తెలియలేదు. నవ్వుతూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"టీచరమ్మా, ఏదో ఒకటి మాట్లాడు," అన్నారు.

"విచారణ వస్తోంది," అంది. వాళ్లకి అంతకంటే అక్కర్లేదు.

డాక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, కిందికి దిగిన భార్య పాదాల వైపు చూసి, తన చెప్పులు విప్పి ఇచ్చాడు.

"అన్నయ్య ఓడిపోయాడు," అన్నాడు. "నువ్వు గెలిచావు. రెండూ ఒకేసారి మింగలేకపోతున్నాను, కొంచెం టైమియ్యి." అని, ఆ మాట పూర్తి కాకుండానే తానే నవ్వేశాడు. "ఎంత బాగా మాట్లాడావే."

*

దీపాలు పెట్టే వేళకి పెద్దకొడుకు ఇంటికి వచ్చాడు. వెనక వచ్చే కార్లు సగానికి సగం తగ్గాయి.

బల్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు. ఆయన వచ్చి కూర్చున్నాడు. తల్లి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"దేశాధ్యక్షుడు ఒప్పుకున్నాడు," అన్నాడు. "సభ రద్దయింది. ఎన్నికలయ్యే దాకా ఆపద్ధర్మంగా నేనే ఉంటాను. కొత్త నిర్ణయాలేమీ తీసుకోకూడదు. విచారణ మాత్రం ఆగదు, అది సభ చెప్పింది."

"మీరూ 'అవును' అన్నారు బావగారూ."

"వినబడిందా?"

"వినబడింది."

ఆయన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటి వైపే చూస్తూ ఉన్నాడు. "ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అందుకు దీవికి వెళ్లి, వాళ్ల ముందు నిలబడాలి. ఊరికే క్షమాపణ చెప్పి వచ్చేస్తే ఎవరు నమ్ముతారు? అందుకని అక్కడి నుంచే పోటీ చేస్తున్నాను."

"నా మీదా?"

"నీ మీద. ఇల్లిల్లూ తిరుగుతాను. తిట్టేవాళ్లు తిట్టనీ. నేను ఓడిపోతే వాళ్ల చేతిలోనే ఓడిపోతాను. గెలిస్తే మాత్రం నువ్వు మళ్లీ ఈత నేర్పుకోవాలి."

ఆమెకి ఒళ్లు మండాలి. మండలేదు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆ మనిషి మీద ఆమెకి గౌరవం కలిగింది.

"రండి బావగారూ," అంది. "ఆ దీవిలో నన్ను ఓడించడం అంత తేలిక కాదు."

"అది ఇవాళ మధ్యాహ్నం తెలిసింది."

డాక్టరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తల్లి ఖాళీ గ్లాసు తన వైపు జరుపుకుంది.

"దీవికి నేనూ వస్తాను. ప్రచారానికి," అంది.

"ఎవరి తరఫునమ్మా?" అన్నాడు పెద్దకొడుకు.

"ఎవరి తరఫున అత్తయ్యా?" అంది అదే క్షణాన చిన్నకోడలు.

"మీ నాన్న కోసం ఓట్లడిగాను. నీకోసం అడిగాను. ఈ అమ్మాయి మొదటిసారి నిలబడితే దీవిలో ప్రతి గుమ్మమూ ఎక్కి అడిగాను. ఇవాళ ఆ గ్యాలరీలో కూర్చుని చూశాను. అంత కష్టమైన పనేమీ కాదు."

"అది సరేనమ్మా. ఈసారి ఎవరి తరఫున?"

"నా తరఫున."

డాక్టరు నవ్వబోయాడు. తల్లి మొహం చూసి మానేశాడు.